పల్చటి రేకుకు చిల్లి పడకుండా ఇంట్లోనే వెల్డింగ్ చేసుకోవడం

మా ఇల్లు కావలి నుంచి తుమ్మలపెంట పోయే దారిలో ఉంది. ఇంట్లోంచి చూస్తే సముద్రం మాకు కనపడదు, మా గేటుకు మాత్రం కనపడుతుంది. ఎన్నిసార్లు రంగు వేసినా ఉప్పుగాలికి అడుగు రేకు చివికిపోతూనే ఉంటుంది. ఒక ఎండాకాలం వెల్డింగ్ మిషన్ కొనుక్కుని నేనే అతుకు వేద్దామని కూర్చున్నాను. అరచేయంత ఉన్న చిల్లి సాయంత్రానికి పళ్లెమంత అయింది. రాడ్డు పెట్టిన చోటల్లా రేకు కరిగి కారిపోయింది.

ఊళ్లో పాత మేస్త్రి ఒకాయన వచ్చి చూసి నవ్వాడు. "అబ్బయ్యా, నువ్వు గీత గీస్తా ఉండావు. రేకుకి గీత పనికిరాదు, కుట్టాల" అన్నాడు. ఆ మాట నాకు అర్థం కావడానికి ఇంకో రెండు రేకులు పాడయ్యాయి.

సంగతేమిటంటే, సత్తు గిన్నెలో పాలు కాచేటప్పుడు మంట కాస్త ఎక్కువైతే అడుగంటుతాయి, మందపాటి ఇత్తడి గిన్నెలో అంత తొందరగా అంటవు. మందం ఉంటే వేడి పక్కలకు పోతుంది. పల్చటి రేకులో ఆ వేడి పోవడానికి చోటు లేదు, పడిన చోటే పేరుకుంటుంది. చిల్లి పడటం, రేకు ఉబ్బటం, వంకర పోవటం అన్నీ ఇందులోంచి పుట్టినవే. కింద చెప్పిన అడుగులన్నీ వేడిని తక్కువగా వేయడానికి, వేసిన వేడికి పోయే దారి చూపడానికి పనికొచ్చేవి.

1. ముందు మందం కొలవండి

కొట్లో "18 గేజి ఇవ్వండి" అంటాం, గేజి నంబరు పెరిగేకొద్దీ రేకు పల్చనవుతుంది. సుమారుగా 16 గేజి అంటే 1.6 మిల్లీమీటర్లు, 18 గేజి 1.2, 20 గేజి 0.9, 22 గేజి 0.7. వెర్నియర్ ఉంటే రంగు గీకేసి కొలవండి. కొత్త స్క్వేర్ పైపు కొన్నా కొలవండి, చెప్పిన మందం ఉన్న మందం ఒకటే అని నమ్మకండి.

మామూలు రాడ్డు వెల్డింగ్‌తో 1.6 హాయిగా చేయొచ్చు. 1.2 కి చేయి తిరగాలి. 0.9 అయితే చుక్కలు చుక్కలుగా మాత్రమే. 0.7, అంతకంటే తక్కువ అయితే నా మాట విని రాడ్డు పెట్టకండి. రివెట్లు కొట్టుకోండి, లేదా మిగ్ మిషన్ (రాడ్డు బదులు చుట్టలోంచి సన్నటి తీగ దానంతటదే వచ్చే వెల్డింగ్ మిషన్) ఉన్న షాపుకు తీసుకెళ్లండి. కూలర్ ట్రే లాంటి వాటికి నేను రివెట్టు, సీలెంటు తప్ప ఇంకోటి వాడను.

పాత ఇనుము విషయంలో ఇంకో మెలిక ఉంది. పైకి 1.2 పైపులా కనపడుతుంది, లోపల తుప్పు తినేసి సగమే మిగిలి ఉంటుంది. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోండి. గంటలా మోగితే ఇనుము ఉంది, మొద్దుగా పలికితే లేదు. స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి. లోపలికి దిగితే ఆ భాగం కోసి పారేయాల్సిందే. నా గేటు దగ్గర జరిగిన తప్పు ఇదే. చిల్లి చుట్టూ ఉన్నది ఇనుమనుకుని దానికి అతుకు వేయబోయాను. అక్కడ ఉన్నది తుప్పు, దానిమీద రంగు.

2. మిషన్, రాడ్డు, కరెంటు

చిన్న ఇన్వర్టర్ రకం వెల్డింగ్ మిషన్ చాలు. పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషన్లు దిట్టంగా పనిచేస్తాయి కానీ కరెంటును తక్కువలోకి నెమ్మదిగా దింపుకోవడం వాటిలో కష్టం. రేకుకు మనకు కావలసింది అదే.

రాడ్డు 6013 రకం తీసుకోండి. ఇంటి పనులకు అమ్మేది ఎక్కువగా అదే. సైజులో మాత్రం పొరపాటు పడకండి. మామూలుగా చేతికొచ్చే 10 నంబరు రాడ్డు 3.15 మిల్లీమీటర్లు, అది గేటు ఫ్రేముకు, యాంగ్లర్లకు (ఎల్ ఆకారపు ఇనుప పట్టీలకు). 12 నంబరు అంటే 2.5, 14 నంబరు అంటే 2.0. రేకుకు 14 నంబరు కావాలి. చిన్న కొట్లలో ఒక్కోసారి దొరకదు, నెల్లూరు, ఒంగోలు లాంటి చోట్ల పెద్ద హార్డ్‌వేర్ షాపుల్లో అడగండి. దొరకలేదని 10 నంబరుతో మొదలుపెడితే నా పళ్లెమే మీకూ మిగులుతుంది.

కరెంటు ఎంత పెట్టాలి? 2.0 రాడ్డుతో 1.2 రేకుకు 35 నుంచి 45 ఆంపుల మధ్య మొదలుపెట్టండి. 1.6 కి 45 నుంచి 55. 2.5 రాడ్డే ఉంటే 1.6 కి 55 నుంచి 65 మధ్య చూడండి, 1.2 కి దాన్ని వాడకపోవడమే మంచిది. చవక మిషన్ల మీద కనిపించే అంకె నిజం కాకపోవచ్చు కాబట్టి ఇవన్నీ మొదలుపెట్టడానికి మాత్రమే. మీ మిషన్‌కు సరిపడే అంకె తుక్కు ముక్క మీదే తేలుతుంది.

చాలామంది పట్టించుకోనిది, నాకు మాత్రం సగం తిప్పలు తప్పించింది ఒకటుంది. హోల్డర్ (రాడ్డును పట్టుకునే పిడి) వైరును మైనస్‌కు, ఎర్త్ క్లాంపు (రేకును పట్టుకునే పట్టకారు) వైరును ప్లస్‌కు పెట్టండి. ఇలా పెడితే రేకులోకి చొచ్చుకుపోవడం తగ్గుతుంది, రాడ్డు త్వరగా కరుగుతుంది. 6013 రాడ్డు రెండు విధాలుగానూ మండుతుంది కాబట్టి ఇబ్బంది లేదు.

45 ఆంపుల పనికి మిషన్ ఇంటి లైను నుంచి సుమారు 7, 8 ఆంపులు లాగుతుంది. లైటు, ఫ్యాను పెట్టుకునే చిన్న సాకెట్‌లో పెట్టకండి, 16 ఆంపుల సాకెట్ వాడండి. పొడుగు వైరు కావాలంటే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు తీసుకుని చుట్ట మొత్తం విప్పి పరవండి. చుట్టగా ఉంచితే వేడెక్కుతుంది. మా వైపు రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు అన్నీ తిరిగే వేళ వోల్టేజి కిందకి దిగుతుంది. అప్పుడు రాడ్డు ఊరికే అంటుకుంటుంది. మనం కరెంటు పెంచుతాం, ఇంతలో వోల్టేజి మళ్లీ పైకొస్తుంది, చిల్లి పడుతుంది. నేను పొద్దున్నే 7 గంటలకు మొదలుపెడతాను, ఎండ తగలకముందే అయిపోతుంది కూడా.

మిగ్ మిషన్ ఉన్నవాళ్లకు రేకు పని చాలా తేలిక. 0.8 తీగ, గ్యాసు పెట్టుకోండి. గ్యాసు లేని తీగ వేడి ఎక్కువ వేస్తుంది, చిమ్ముతుంది, పల్చటి రేకుకు అంత బాగుండదు. గ్యాసు వాడేటప్పుడు గాలికి అడ్డం పెట్టుకోండి. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే ఆ గ్యాసంతా ఎగిరిపోయి అతుకు నిండా బెజ్జాలే.

3. ఒళ్లు, కళ్లు, చుట్టుపక్కల

లుంగీ, హవాయి చెప్పులతో వెల్డింగ్ చేసేవాళ్లను రోజూ చూస్తూనే ఉన్నాం. వాళ్ల కాళ్ల మీద మచ్చలు కూడా చూడండి. కాటన్ ప్యాంటు, పొడుగు చేతుల కాటన్ చొక్కా, తోలు గ్లౌజులు, బూట్లు వేసుకోండి. నైలాన్, పాలిస్టర్ బట్టలు నిప్పు పడితే కరిగి చర్మానికి అంటుకుంటాయి.

ముఖానికి హెల్మెట్ తప్పనిసరి. ఈ కరెంటుకు 9 లేదా 10 నంబరు అద్దం సరిపోతుంది. దానంతటదే నల్లబడే హెల్మెట్ కొనుక్కుంటే రేకు పనికి బాగా కలిసొస్తుంది. మొన ఎక్కడ ఆనిస్తున్నామో చివరి క్షణం వరకు కనపడుతుంది. ఉత్త కళ్లతో చూస్తే ఆ రాత్రి కంట్లో ఇసుక పోసినట్టు మంట. బంగాళాదుంప ముక్కలు పెట్టుకోమంటారు, పాలు పోయమంటారు. కంట్లో ఏదీ పోయకండి, కళ్లు మూసుకుని చీకట్లో పడుకోండి, నొప్పి తగ్గకపోతే కంటి డాక్టరు దగ్గరికి పోండి.

మన ఎండలకు ఇంకో భయం చెమట. రాడ్డు మండనప్పుడు కూడా హోల్డర్ దగ్గర 60 నుంచి 80 వోల్టుల దాకా ఉంటుంది. పొడి చేతికి అది పెద్దగా తెలియదు, తడిసిన గ్లౌజుకు తెలుస్తుంది. రెండో జత గ్లౌజులు దగ్గర పెట్టుకోండి. తడి నేల మీద నిలబడి చేయకండి.

వరిగడ్డి వామి, తాటాకు పాక, డీజిలు డబ్బా ఏదున్నా 10 మీటర్ల దూరం ఉండాలి. పని అయ్యాక అరగంట అక్కడే తిరుగుతూ ఉండండి, నిప్పురవ్వ వెంటనే అంటుకోదు. నూనె డ్రమ్ములు, పురుగుమందు డబ్బాలు, బండి పెట్రోలు ట్యాంకు ఖాళీవైనా సరే ఇంట్లో వెల్డింగ్ చేయకండి. లోపల మిగిలిన ఆవిరి చాలు పేలడానికి.

4. శుభ్రం చేయడం

రంగు, తుప్పు, నూనె మీద రాడ్డు సరిగ్గా మండదు. మండట్లేదని కరెంటు పెంచుతాం. ఆ కరెంటుకే చిల్లి. కాబట్టి అతుకుకు రెండు వైపులా ఒక అంగుళం మేర, వీలైతే వెనకవైపు కూడా, ఇనుము మెరిసేదాకా గీకండి. గ్రైండర్‌కు ఫ్లాప్ డిస్కు (గరుకు కాగితం ముక్కలు వరసగా అతికించిన చక్రం) తొడగండి. రాయి డిస్కు పెడితే రేకును ఇంకా పల్చన చేసేస్తుంది. ఎర్త్ క్లాంపు పెట్టేచోట కూడా రంగు గీకేయాలి.

జీఐ రేకు అయితే జింకు పూతను ముందు తీసేయండి. ఇనుము కరగడానికి 1500 డిగ్రీల సెల్సియస్ దాకా కావాలి, జింకు 907 దగ్గరే మరిగి తెల్లటి పొగ అవుతుంది. ఆ పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలిజ్వరం వస్తుంది, ఒళ్లంతా నొప్పులు. ఆరుబయట, గాలికి ఎదురుగా కాకుండా పక్కగా కూర్చుని చేయండి.

5. సందు లేకుండా అమర్చడం

రేకు పనిలో గెలుపోటములు ఇక్కడే తేలిపోతాయి, రాడ్డు ముట్టించాక కాదు. రెండు రేకుల అంచుల మధ్య సందు ఉంటే మంట ఆ అంచును తినేస్తుంది. అంచుకు ఒక పక్కే ఇనుము ఉంటుంది కదా, వేడి పోయే దారి సగమే. సందు రేకు మందంలో సగానికి మించకూడదు, అసలు లేకపోతే ఇంకా మంచిది.

వీలైన చోటల్లా అంచుకు అంచు పెట్టకుండా ఒకదాని మీద ఒకటి ఎక్కించండి. అర అంగుళం ఎక్కించినా చాలు, అక్కడ మందం రెండింతలు అవుతుంది. గేటు అడుగున వేసే అతుకుకు అందం కంటే ఇదే ముఖ్యం.

వేడిని పీల్చడానికి రేకు వెనక రాగి పట్టీ గట్టిగా ఆనించి క్లాంపు చేయండి. రాగి వేడిని చటుక్కున లాగేసుకుంటుంది, పైనుంచి పడిన ఇనుము దానికి అంటుకోదు. పాత ఏసీ రాగి గొట్టాన్ని సుత్తితో చదును చేసుకున్నా పనికొస్తుంది. ఇత్తడి మాత్రం పెట్టకండి, అందులో జింకు ఉంటుంది. పెద్ద రేకు లేవకుండా బరువు కావాలంటే చీమకుర్తి గ్రానైట్ తుక్కు ముక్కలు మా ఊళ్లో ఇంటింటా పడి ఉంటాయి, వాటిని అతుకుకు దూరంగా పెట్టండి. రాయి మీదగానీ సిమెంటు నేల మీదగానీ ఆనించి వెల్డింగ్ చేస్తే వేడికి పెళ్లలు చిట్లి ఎగురుతాయి.

6. తుక్కు మీద చేయి తిప్పుకోవడం

కోసి పారేసిన ముక్క అదే రేకుది ఉంటుంది. దానిమీద కనీసం నాలుగు రాడ్లు ఖర్చు పెట్టండి. ఒక చుక్క వేయండి, వెనక్కి తిప్పి చూడండి. వెనక ఏ గుర్తూ లేకుండా, ముందు గోళీలా పైకి నిలబడితే కరెంటు చాల్లేదు, అది పైన కూర్చుంది కానీ పట్టుకోలేదు. వెనక నల్లగా కాలి కొద్దిగా ఉబ్బితే సరిపోయింది. వెనక చుక్క వేలాడితే ఎక్కువైంది, 5 ఆంపులు దించండి.

కొత్తవాళ్లకు పొడుగు రాడ్డు మొన వణుకుతుంది. ఎడమచేతి గ్లౌజును కుడిచేతి మణికట్టు కింద ఆసరాగా పెట్టండి. మొన రేకుకు దాదాపు ఆనినట్టే ఉండాలి. దూరం జరిగితే మంట వెడల్పవుతుంది, వోల్టేజి పెరుగుతుంది, వేడి చల్లుకుంటుంది.

7. టాకాలు, తర్వాత కుట్లు

టాకా అంటే రేకులు కదలకుండా ముందుగా వేసే చిన్న చుక్క అతుకు. మొదటి టాకా మధ్యలో. తర్వాత ఒక చివర, ఇంకో చివర. మళ్లీ వాటి మధ్యల్లో. ఇలా 25 నుంచి 40 మిల్లీమీటర్లకు ఒకటి వచ్చేదాకా వేయండి. ఒక చివర నుంచి వరసగా వేసుకుంటూ పోతే రెండో చివరకు చేరేసరికి రేకు కత్తెరలా విచ్చుకుంటుంది. ప్రతి రెండు టాకాలకు ఒకసారి సందు చూసుకుని, లేచిన చోట సుత్తితో దించి మరీ తర్వాతది వేయండి.

ఇప్పుడు మేస్త్రి చెప్పిన కుట్టు. రెండు టాకాల మధ్య ఒక సెకను, మించితే రెండు సెకన్లు మండించి తీసేయండి. ఎరుపు పోయేదాకా ఆగండి. మళ్లీ అక్కడే వేయకండి, అర అడుగు దూరంలో ఇంకో చోట వేయండి. అలా తిరిగి తిరిగి మొదటి చోటుకు వచ్చేసరికి అది చల్లబడి ఉంటుంది. గ్లౌజు తీసి చేయి దగ్గరగా పెట్టి చూడండి, సెగ తగులుతుంటే ఇంకా ఆగాలి. ఒక అడుగు అతుకుకు నాకు ముప్పావు గంట పడుతుంది. మేస్త్రి పావుగంటలో చేస్తాడు, ఆయన లెక్క వేరు.

రాడ్డు ఆపి మళ్లీ మొదలుపెట్టే ప్రతిసారీ మొన మీద చిట్టెం (రాడ్డు మీది మందు కరిగి గడ్డకట్టిన పెంకు) కప్పేసి ఉంటుంది. పాత ఆకురాయి మీద ఒకసారి తాటిస్తే రాలిపోతుంది. రేకు మీదే గీకి ముట్టించబోతే అక్కడే చిల్లి పడుతుంది. పాత చుక్క మీద కొత్త చుక్క ఎక్కాలంటే ముందు దాని చిట్టెం కూడా కొట్టేయాలి, లేకపోతే లోపల ఇరుక్కుంటుంది.

రేకును మందపాటి యాంగ్లర్‌కు అతికించేటప్పుడు మంటను యాంగ్లర్ మీద ముట్టించండి. అక్కడ కరిగిన ఇనుము మడుగు కట్టాక దాని అంచు రేకును తాకేలా మెల్లగా తోయండి. నిలువు అతుకు అయితే పై నుంచి కిందకు రండి. మందపాటి ఇనుముకు కింద నుంచి పైకి పోవాలని చెప్తారు, అది బలానికి. పల్చటి రేకుకు పై నుంచి దిగితే మంట ఒకచోట నిలవదు, వేడి తగ్గుతుంది. చిట్టెం ముందుకు జారకుండా కాస్త వేగంగా దిగాలి.

నాలుగు వైపులా మూసుకుపోయే పైపు అయితే ఆఖరి చుక్క ఎంతకీ నిలవదు, ఫట్టుమని బయటికి తన్నేస్తుంది. లోపలి గాలి వేడికి పెరిగి అక్కణ్నుంచి బయటపడుతుంది. ముందే కనపడని మూల ఒక చిన్న బెజ్జం వేసి పెట్టుకోండి. దీని సంగతి తెలియక నేను ఒకే చోట ఆరు రాడ్లు తగలేశాను.

8. చిల్లి పడితే

వెంటనే దాన్ని పూడ్చాలని చేయి లాగుతుంది. ఆగండి. చుట్టూ ఎర్రగా ఉన్నంతసేపు ఎంత వేసినా చిల్లి పెరుగుతుందే కానీ పూడదు. మిషన్ ఆపి టీ తాగి రండి, నిజంగానే.

పూర్తిగా చల్లబడ్డాక చిట్టెం కొట్టి, వెనక రాగి పట్టీ ఆనించండి. 5 ఆంపులు దించండి. చిల్లి మధ్యలో కాదు, గట్టి ఇనుము ఉన్న అంచు మీద ఒక చుక్క వేయండి. ఎదురు అంచు మీద ఇంకోటి. చల్లబడనిచ్చి, చుక్క మీద చుక్క ఆనించుకుంటూ లోపలికి రండి. చిల్లి కాస్త పెద్దదైతే ఒక రాడ్డు మీది మందు పూత మొత్తం రాల్చేసి, లోపలి తీగను ముక్క కోసి అడ్డంగా పెట్టి, రెండు కొసలా టాకా వేసి మీద నింపండి. మన ఊళ్లలో మేస్త్రులందరూ చేసేదే. రూపాయి బిళ్లకంటే పెద్దదైతే నింపుడు వద్దు. చతురస్రంగా కోసి కొత్త ముక్క వేయండి, మూలలు గుండ్రంగా ఉంచండి.

9. రేకు ఉబ్బితే, వంకర పోతే

మీటరు పొడుగు ఇనుము 100 డిగ్రీలు వేడెక్కితే సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. అతుకు దగ్గర వేడి అంతకు ఎన్నో రెట్లు. సాగబోతే చుట్టూ ఉన్న చల్లటి రేకు పోనివ్వదు, అక్కడే నలిగి మందమవుతుంది. చల్లారేటప్పుడు మాత్రం కుదించుకుపోతుంది. అందుకే అతుకు వెంట రేకు బిగుసుకుని, మిగతాది డోలులా ఉబ్బుతుంది.

ఉబ్బిన చోట కొడితే ఇంకా ఉబ్బుతుంది, అదొక విచిత్రం. కొట్టాల్సింది కుదించుకుపోయిన అతుకునే. పైన ఎత్తుగా ఉన్న ఇనుమును కొంచెం గ్రైండ్ చేసి, వెనక బరువైన ఇనుప ముద్ద ఆనించి, అతుకు గీత వెంట తేలికగా వరుస దెబ్బలు వేయండి. సుత్తికీ ముద్దకూ మధ్య అతుకు నలిగి మళ్లీ సాగుతుంది. పది దెబ్బలకు ఒకసారి స్కేలు పెట్టి చూసుకోండి. త్వరగా చల్లబడుతుందని నీళ్లు చల్లేవాళ్లున్నారు. వైర్లు, మిషన్ ఉన్నచోట నీళ్లు తేకండి, పైగా హఠాత్తుగా చల్లారితే వంకర ఎక్కువవుతుంది.

10. రాడ్డు ఊరికే అంటుకుంటుంటే

తక్కువ ఆంపుల్లో అందరినీ విసిగించేది ఇదే. మూడు చూడండి: ఎర్త్ క్లాంపు శుభ్రమైన ఇనుమును పట్టుకుందా, రాడ్డు మొన మీద చిట్టెం ఉందా, రాడ్డుకు చెమ్మ పట్టిందా. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, అప్పుడు విప్పిన ప్యాకెట్టు వారంలో మెత్తబడుతుంది. మూత గట్టిగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి. చెమ్మగిల్లినవాటిని 100 డిగ్రీల దగ్గర ఒక గంట ఆరబెడితే దారికొస్తాయి, వంటకు వాడే ఓవెన్‌లో మాత్రం కాదు. మిషన్‌లో హాట్ స్టార్ట్ మీట ఉంటే కొద్దిగా పెంచండి. మొదలుపెట్టే క్షణంలో మాత్రమే కరెంటు ఎక్కువిస్తుంది. మరీ పెంచితే ఆ క్షణంలోనే చిల్లి పడుతుంది.

అంటుకుపోతే రేకును పట్టి లాగకండి, చిరుగుతుంది. హోల్డర్ నుంచి రాడ్డును వదిలేసి, మెలి తిప్పి తీయండి.

11. గ్రైండింగ్, రంగు

నున్నగా రావాలని అతుకును రేకు మట్టం దాకా అరగదీస్తే ఇంత కష్టపడి వేసిన ఇనుమంతా నిప్పురవ్వల్లో పోతుంది. కొద్దిగా ఎత్తు ఉంచండి, బయటికి కనపడే చోట పుట్టీ పూసుకోవచ్చు. తర్వాత ఒక మనిషి వెనకనుంచి టార్చి వేసి చూస్తే వెలుగు వచ్చే బెజ్జాలు తెలుస్తాయి, ఒక్కొక్క చుక్కతో పూడ్చండి.

ప్రైమరు రేపు వేద్దాంలే అనుకోకండి. మా వైపు మెరిసేలా గీకిన ఇనుము తెల్లారేసరికి గోధుమ రంగులోకి తిరుగుతుంది. చిట్టెం మొత్తం రాల్చి, పొడి గుడ్డతో తుడిచి, పూర్తిగా చల్లారాక అదే సాయంత్రం రెడ్ ఆక్సైడ్ వేయండి. అతుకు వెనకవైపు, ఒకదానిమీద ఒకటి ఎక్కిన రేకుల సందులో, బ్రష్షు దూరకపోతే గుడ్డతో అద్దండి. గాలి పోవడానికి పైపుకు వేసిన బెజ్జం అడుగువైపు ఉంటే దాన్ని మూయకండి. లోపల చేరిన నీళ్లు అందులోంచే కారిపోవాలి. నా గేటు మొదటిసారి చివికింది ఆ నీళ్లు పోయే దారి లేకే.